కీబోర్డు కొడితే టైపు మిషన్ మోగాలంటే

ముందే చెప్తున్నా, ఇది పనికొచ్చే పని కాదు. కీబోర్డు కొట్టినప్పుడల్లా పాత టైపు మిషన్ లాగా టకటకమని మోగితే మీ స్పీడు పెరగదు, తప్పులు తగ్గవు, ఇంట్లోవాళ్ల చిరాకు మాత్రం పెరుగుతుంది. అయినా కావాలనుకునేవాళ్లు ఉంటారు, నాలాగా. అనంతపురంలో పదో తరగతి పరీక్షలైపోయిన ఎండాకాలం సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, పొద్దున ఆరింటి బ్యాచ్‌లో పదిహేను మిషన్లు ఒక్కసారిగా ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్, సెమీకోలన్ ఎల్ కే జే హెచ్ జే అని మొదలుపెడితే ఆ రేకుల కప్పు ఎట్లా అదిరేదో విన్నవాళ్లకి కారణం వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు లోయర్ పరీక్షకి నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కి 45. నేను లోయర్ దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు రోజంతా ల్యాప్‌టాప్ మీద తెలుగులో రాసే పని, దాని కీబోర్డేమో దూది మీద వేలు పెట్టినట్టు ఉంటుంది, కొట్టామో లేదో చెవికి తెలీదు.

దీనికి రెడీమేడ్ ప్రోగ్రాములు ఉన్నాయి. ఒకటి వేసుకున్నాను. పది నిమిషాలు భలే ఉంది. పదకొండో నిమిషానికి ఎవరో పక్కన కూర్చుని బొరుగులు నములుతున్నట్టు అనిపించి తీసేశాను. తేడా ఎక్కడ కొట్టిందా అని తర్వాత ఆలోచిస్తే తెలిసింది, అన్ని కీలకీ ఒకే టిక్కు పెట్టారు. టైపు మిషన్ అట్లా మోగదు కదా.

అది ఎట్లా మోగుతుందో ముందు చూసుకోండి, ఎందుకంటే మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది. కీ నొక్కితే లోపలి కమ్మీ లేచి, దాని చివరనున్న అచ్చు రిబ్బన్ మీదుగా పోయి రోలర్‌ని కొడుతుంది, అది ఠక్కు. వెంటనే పైనున్న క్యారేజ్ ఒక అక్షరం మేర జరుగుతుంది, అది సన్నటి కటక్. తర్వాత కమ్మీ తిరిగి తన చోట పడుతుంది, అదొక మెత్తటి చప్పుడు. మూడూ కలిసి మన చెవికి ఒకే దెబ్బ. స్పేస్ కొడితే అచ్చు లేవదు, క్యారేజ్ జరిగే చప్పుడు ఒక్కటే వస్తుంది. షిఫ్ట్ నొక్కితే లోపల బరువైన భాగమే మొత్తం కదులుతుంది, ఆ పేరు వచ్చింది కూడా ఆ కదలడం వల్లే, 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నంబరు మిషన్ నుంచి ఆ కీ మనతో ఉంది. బ్యాక్‌స్పేస్ ఏదీ చెరపదు, క్యారేజ్‌ని ఒక అడుగు వెనక్కి తెస్తుంది, అంతే. ఇక లైను చివరికి వస్తుంటే గంట, ఆ తర్వాత ఎడమ చేత్తో లివర్ లాగితే కాగితం పైకి జరిగే కరకర, క్యారేజ్ పోయి అంచుకి కొట్టుకునే దబ్బు. మ్యాక్ కీబోర్డులో ఎంటర్ ఉండాల్సిన చోట రిటర్న్ అని రాసి ఉండేది ఈ పాత లివర్ పని గుర్తుగానే.

తెలుగు మిషన్‌లో ఇంకో విశేషం ఉంది. కొన్ని గుణింతం గుర్తుల కీలు కొడితే అచ్చు పడుతుంది గానీ క్యారేజ్ కదలదు, గుర్తూ అక్షరమూ ఒకే చోట కూర్చోవాలి కాబట్టి. డెడ్ కీ అంటారు వాటిని. వాటి దెబ్బలో ఆ రెండో కటక్ ఉండదు. తెలుగు టైపు జరుగుతుంటే గోడ అవతల నుంచి విన్నా ఇంగ్లీషు కాదని తెలిసిపోయేది ఇందుకేనేమో అని నా అనుమానం.

కాబట్టి మీకు కావాల్సింది ఒక టిక్కు కాదు. నాలుగైదు రకాల అక్షరం దెబ్బలు, స్పేస్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్, లివర్, గంట. ఇన్ని లేకపోతే బొరుగులే.

ఇంత తలనొప్పి వద్దు, కథో వ్యాసమో రాసుకునేటప్పుడు కాస్త చప్పుడు ఉంటే చాలు అనేవాళ్లు ఫోకస్‌రైటర్ వేసుకోండి. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, తెరంతా ఖాళీ కాగితం లాగా పరుచుకుంటుంది, సెట్టింగుల్లో టైపురైటర్ సౌండ్స్ అనే దానికి టిక్కు పెడితే అయిపోయింది, ఎంటర్‌కి వేరే చప్పుడు కూడా ఇచ్చారు. యూనికోడ్ తెలుగు ఫాంటు పెట్టుకుంటే అందులో రాసుకోవచ్చు. చప్పుడు ఆ ప్రోగ్రాములో మాత్రమే, బయటికొచ్చి మెయిల్ రాస్తే మళ్లీ దూది.

కంప్యూటర్ మొత్తంలో ఎక్కడ కొట్టినా మోగాలంటే మెక్‌వైబ్స్. ఇదీ ఉచితమే, సోర్సు కోడు అందరికీ తెరిచి ఉంటుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. వేసుకున్నాక తెర కింద గడియారం పక్కన బొమ్మగా కూర్చుంటుంది, దాన్ని తెరిస్తే సౌండ్ ప్యాకుల వరుస, వాల్యూమ్ గీత కనిపిస్తాయి. అందులో వచ్చేవి ఎక్కువగా మెకానికల్ కీబోర్డుల, అంటే ప్రతి కీ కింద విడిగా స్విచ్ఛు ఉండే కీబోర్డుల చప్పుళ్లు, చెర్రీ కంపెనీ స్విచ్ఛుల రకాలు. అవీ బాగానే ఉంటాయి గానీ అది టైపు మిషన్ కాదు. దీని అసలు ఉపయోగం ఏమిటంటే మన సొంత చప్పుళ్లు పెట్టుకోవచ్చు. ఒక్క మాట, ఇది ఎలక్ట్రాన్ మీద, అంటే లోపల ఒక బ్రౌజర్‌నే పెట్టుకుని నడిచే పద్ధతిలో కట్టిన ప్రోగ్రాము కాబట్టి ర్యామ్ కాస్త ఎక్కువే తింటుంది, 4 జీబీ పాత సిస్టమ్‌లో బ్రౌజర్ కూడా తెరిచి పెట్టుకుంటే ఆయాసపడుతుంది.

లినక్స్ వాడేవాళ్లకి బకిల్‌స్ప్రింగ్ అని ఇంకా తేలికైనది ఉంది, ఉబుంటు, డెబియన్ ప్యాకేజీల్లోనే దొరుకుతుంది. ఇది ఐబీఎం మోడల్ ఎం అనే పాత కీబోర్డు చప్పుడు చేస్తుంది, కీ నొక్కితే ఒకటి, వదిలితే ఒకటి, పైగా ఎడమ వైపు కీలు ఎడమ చెవిలో, కుడివి కుడి చెవిలో. స్క్రోల్ లాక్ రెండుసార్లు కొడితే నోరు మూసుకుంటుంది. మ్యాక్ వాళ్లకి టిక్కీస్ ఉంది, అందులో టైపురైటర్ పేరుతోనే ఒక చప్పుడు ఉంటుంది. ఫోన్‌లో అయితే జీబోర్డు ప్రిఫరెన్సెస్‌లో కీప్రెస్ సౌండ్ ఆన్ చేసి వాల్యూమ్ పెంచుకోవడం వరకే.

ఇప్పుడు అసలు పని, సొంత చప్పుడు. నెట్‌లో టైపురైటర్ చప్పుళ్లు బోలెడు దొరుకుతాయి, వాడుకోవచ్చు, లైసెన్సు మాత్రం చూసుకోండి. కానీ మన ఊళ్లలో ఇంకా మిషన్లు బతికే ఉన్నాయి. గోద్రెజ్ వాళ్లు 1955లో మొదలుపెట్టి 2009లో తయారీ ఆపేశారు కాబట్టి కొత్తది దొరకదు, పాతది మాత్రం ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లోనో, కోర్టు దగ్గర జాబ్ టైపింగ్ చేసే పెద్దాయన దగ్గరో, కాకపోతే ఎవరి అటక మీదో దుమ్ముకొట్టుకుని ఉంటుంది. నేను మా టైపు సారు దగ్గరికే పోయాను. ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో మూసేశారు, రెండు గోద్రెజ్ మిషన్లు మాత్రం ఇంట్లో గుడ్డ కప్పి పెట్టుకున్నారు.

"ఏమప్పా, మిషన్ కొనేదానికొచ్చినావా?"

"లేదు సార్, దాని చప్పుడు కావాల."

సారు నా వైపు కాసేపు చూసి, "చప్పుడుకేం దుడ్లు తీసుకోనులే" అని గుడ్డ తీశారు.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు, మైకు కొనాల్సిన పని లేదు. ఒకే ఒక్క కష్టం ఫ్యాను. మే నెల అనంతపురంలో ఫ్యాను ఆపి ఇరవై నిమిషాలు కూర్చోవడమంటే ఏమిటో మీకు తెలుసు, అందుకే పొద్దున్నే పోండి, లేదా చలికాలం దాకా ఆగండి. ఫ్యాను గాలి రికార్డులో పడితే తర్వాత తీయడం పెద్ద గోల. ఫోన్‌ని మిషన్ ఉన్న బల్ల మీద పెట్టకండి, బల్ల అదిరి ప్రతి దెబ్బకీ గుమ్ గుమ్ అని వస్తుంది. పక్కన స్టూలు వేసి, మడిచిన తువ్వాలు పరిచి, దాని మీద పెట్టండి, మిషన్‌కి ఒక మూరెడు దూరంలో. మిషన్ కింద మాత్రం మెత్త వేయొద్దు, చెక్కబల్ల మీద మోగితేనే మనం విన్న చప్పుడు.

కాగితం లేకుండా కొడితే అచ్చు నేరుగా రోలర్‌కి తగిలి చప్పుడు కర్కశంగా ఉంటుంది, రోలర్‌కీ మంచిది కాదు. రెండు కాగితాలు పెట్టండి. సారు అడక్కుండానే వెనక ఒక కాగితం జోడించారు, చేతి అలవాటు. మధ్యలో కార్బన్ పెట్టి నాలుగు కాపీలు చేస్తే దెబ్బ ఇంకా మొద్దుబారుతుంది, సరదాకి అదొకటి కూడా తీసుకున్నాను, కోర్టు కాగితాల చప్పుడు అది.

ఒక్కో కీ కొట్టి రెండు సెకన్లు ఆగాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే వరసగా కొడితే ఒకదాని తోక ఇంకోదాని తలలో పడి కోయడానికి కుదరదు. అంచు కీలు రెండు, మధ్య కీలు మూడు, ఒక్కొక్కటి నాలుగైదుసార్లు కొట్టించండి, ఒకే మనిషి కొట్టినా ప్రతి దెబ్బా వేరే. తర్వాత స్పేస్ విడిగా, షిఫ్ట్ నొక్కి వదలడం విడిగా, బ్యాక్‌స్పేస్, లివర్ ఒకసారి సగం లైను నుంచి, ఒకసారి చివరి నుంచి. గంట కోసం మార్జిన్ దగ్గరికి క్యారేజ్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా జరిపితే ఠింగ్ ఒక్కటే శుభ్రంగా వస్తుంది. అంతా అయ్యాక ఎవరూ ఏమీ మాట్లాడకుండా పది సెకన్లు ఉత్త గదిని కూడా రికార్డు చేయండి, ఎందుకో చెప్తాను.

ఇంటికొచ్చి ఆ ఫైలుని ఆడాసిటీ అనే సౌండు ఎడిటింగ్ ప్రోగ్రాములో తెరవండి, అదీ ఉచితమే. తెర మీద దెబ్బలన్నీ ముళ్లకంప లాగా కనిపిస్తాయి. బాగున్న దెబ్బ దగ్గర బాగా జూమ్ చేసి, సరిగ్గా ముల్లు లేచే చోట ముందు భాగం కోసేయండి. ఇక్కడ బద్ధకిస్తే మొత్తం పోయినట్టే. ముందు ఖాళీ ఒక 30 మిల్లీ సెకన్లు మిగిలినా వేలు కొట్టాక చప్పుడు వచ్చినట్టు ఉంటుంది, బుర్రకి అది వెంటనే దొరికిపోతుంది. వెనక వైపు 200 మిల్లీ సెకన్ల దగ్గర కోసి, చివర కొంచెం ఫేడ్ అవుట్ పెట్టండి, కమ్మీ తిరిగి పడే చప్పుడు కూడా అందులో వచ్చేస్తుంది. గంటని మాత్రం కోయొద్దు, ఒక సెకను దాకా మోగి ఆరిపోనివ్వండి. గదిలో సన్నటి రొద ఉంటే ఇందాక తీసిన పది సెకన్ల ఉత్త గదిని నమూనాగా చూపించి నాయిస్ రిడక్షన్ చేయొచ్చు, కానీ కొంచెమే, ఎక్కువ చేస్తే మిషన్‌ని బావిలో ముంచి కొట్టినట్టు వస్తుంది. తర్వాత అన్ని అక్షరం దెబ్బల్నీ ఒకే ఎత్తుకి తేవాలి, నార్మలైజ్‌లో మైనస్ 3 డెసిబెల్ పెట్టాను, స్పేస్‌నీ షిఫ్ట్‌నీ అంతకంటే బాగా తగ్గించాను.

సేవ్ చేసేటప్పుడు ఓజీజీ లేదా వేవ్ ఫార్మాట్. ఎంపీ3 వద్దు, ఆ పద్ధతిలో ఫైలు మొదట్లో కొద్దిపాటి ఖాళీ దానంతటదే చేరుతుంది, మనం జూమ్ చేసి మరీ కోసిందంతా వృథా.

ఇక మెక్‌వైబ్స్‌లోకి ఎక్కించడం. దాంట్లో ఎడిటర్ ఉంది, తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది, కీ మీద నొక్కి ఏ ఫైలు మోగాలో చెప్పొచ్చు. నాకు మాత్రం ఇంకో దారి సులువనిపించింది. కీకో ఫైలు ఉన్న ప్యాకు ఒకటి తీసుకుని ఆ ఫోల్డర్‌ని కాపీ చేసి, కస్టమ్ ప్యాకుల ఫోల్డర్‌లో పెట్టి, పేరు మార్చి, అందులోని కాన్ఫిగ్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక పక్క కీ నంబర్లు, ఇంకో పక్క సౌండు ఫైళ్ల పేర్లు వరసగా ఉంటాయి. ఎంటర్ 28, స్పేస్ 57, బ్యాక్‌స్పేస్ 14, ఎడమ షిఫ్ట్ 42. ఏ అనే కీ 30. ఈ నంబర్లు పాత ఐబీఎం పీసీల కాలం నుంచి వస్తున్నవే. మీ ఫైళ్ల పేర్లు ఎదురుగా రాసి సేవ్ చేయడమే. ఒక్క కామా ఎగిరిపోయినా ప్యాకు పనిచేయదు, నేను అర్ధగంట వెతికాను ఆ కామా కోసం.

అక్షరం దెబ్బలు ఐదు ఉంటే వాటిని కీల మీద చల్లేయండి, పక్కపక్క కీలకి ఒకటే రాకుండా. అంచు కీల దెబ్బలు అంచులకే ఇవ్వండి.

తెలుగు టైపు చేసేవాళ్లకి సందేహం రావచ్చు, తెలుగు అక్షరాలకి నేరుగా కీలు ఇచ్చే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వాడితే పనిచేస్తుందా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో పనిచేస్తుందా అని. దేన్లో అయినా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రోగ్రాము చూసేది ఏ అక్షరం పడింది అని కాదు, బోర్డు మీద ఏ గుండీ నొక్కారు అని. లయ మాత్రం మారిపోతుంది. కడప అని ఇన్‌స్క్రిప్ట్‌లో కొడితే మూడు దెబ్బలు. అదే ఇంగ్లీషు అక్షరాలతో కొడితే ఆరు, మధ్యలో డ కోసం షిఫ్ట్. అనంతపురం ఇన్‌స్క్రిప్ట్‌లో ఎనిమిది, అటు వైపు పదకొండు. అంటే ఒకే వాక్యానికి ఒకరి గదిలో చినుకులు, ఇంకొకరి గదిలో వడగళ్ల వాన. రెండో పద్ధతివాళ్లు షిఫ్ట్ చప్పుడుని ఇంకా తగ్గించుకోండి, లేకపోతే దబ్ దబ్ మని రోకలి పోటు మొదలవుతుంది.

డెడ్ కీ సంగతి గుర్తుందా? ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకి అదొక వరం. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమ చేతి వైపు ఉంటాయి కాబట్టి ఆ కీలకి కటక్ లేని దెబ్బ పెట్టుకోవచ్చు, ఠక్కు అవగానే ఫైలు కోసేస్తే సరి. హల్లు కొడితే నిండు దెబ్బ, గుణింతం కొడితే పొడి దెబ్బ. అచ్చంగా తెలుగు మిషన్ అని అనను గానీ దాని చుట్టం లాగా ఉంటుంది.

అన్నీ సరిగ్గా చేసినా చప్పుడు ఆలస్యంగా వస్తోందంటే బ్లూటూత్ హెడ్‌సెట్ తీసేయండి. వాటిలో 200 మిల్లీ సెకన్ల దాకా వెనకబడటం మామూలే, సినిమా చూసేటప్పుడు ప్లేయర్ బొమ్మని కూడా వెనక్కి జరిపి సర్దేస్తుంది, మీ వేలిని ఎవరూ వెనక్కి జరపలేరు. వైరు ఇయర్‌ఫోన్, లేకపోతే ల్యాప్‌టాప్ స్పీకరే మేలు. విండోస్‌లో అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రాములో కొడితే చప్పుడు రాకపోవచ్చు, అది పాడవడం కాదు, మామూలు ప్రోగ్రాములు అక్కడి కీలు వినకుండా విండోస్ అడ్డుకుంటుంది. మ్యాక్‌లో ప్రైవసీ సెట్టింగుల్లో మీరే అనుమతి ఇవ్వాలి.

ఆ అనుమతి అడిగేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీరు కొట్టే ప్రతి కీనీ ఈ ప్రోగ్రాము వింటుంది, పాస్‌వర్డుతో సహా. చప్పుడు చేసే ప్రోగ్రాముకీ కీలు దొంగిలించే ప్రోగ్రాముకీ లోపలి పని దాదాపు ఒకటే. అందుకే ఊరూపేరూ లేని సైటు నుంచి దించుకోవద్దు, అసలు పేజీ నుంచే తీసుకోండి, సోర్సు తెరిచి ఉన్నదైతే ఇంకా నయం. ఆఫీసు సిస్టమ్‌లో అసలే వద్దు, బ్యాంకు పని చేసేటప్పుడు ప్రోగ్రాముని మూసేయండి, మ్యూట్ సరిపోదు, మ్యూట్‌లో ఉన్నా వింటూనే ఉంటుంది కదా.

ఎంటర్‌కి లివర్‌తో పాటు గంట కూడా కలిపి పెట్టాను మొదట. కథ రాస్తుంటే బాగుంది. వాట్సాప్ వెబ్‌లో ప్రతి మెసేజీకీ ఠింగ్, ఎక్సెల్‌లో ప్రతి గడికీ ఠింగ్, మా ఆవిడ లోపల నుంచి హారతి తెమ్మంటావా అని అడిగింది. అందుకని రెండు ప్యాకులు చేసుకున్నాను, గంట ఉన్నది రాతకి, లేనిది మిగతా పనులకి.

ల్యాప్‌టాప్ తీసుకెళ్లి సారుకి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు, నాలుగు లైన్లు నాతో కొట్టించారు, అక్షరం దెబ్బ బాగుందన్నారు. తర్వాత, "గంట తప్పప్పా" అన్నారు. "గంట కొట్టినాక ఇంకా ఏడెనిమిది అక్షరాలకి చోటుండాల, ఆ మాట పూర్తి చేసుకోని అప్పుడు లివర్ లాగల్ల. నీది లైను అయిపోయినాక మోగుతాంది, ఇంగ దేనికది?"

నిజమే, గంట ముందస్తు హెచ్చరిక, లైను అయిపోతోంది చూసుకో అని. కంప్యూటర్‌లో మార్జిన్ ఎక్కడుందో ఈ ప్రోగ్రాముకి తెలీదు కాబట్టి సారు చెప్పినట్టు అచ్చంగా చేయడం కుదరదు. ఇప్పుడు ఎంటర్‌లోంచి గంట తీసి, బాగా తగ్గించి, ఫుల్‌స్టాప్ కీకి పెట్టాను, దాని నంబరు 52. వాక్యం ముగిసినప్పుడు ఎక్కడో పక్కింట్లో మోగినట్టు ఠింగ్, పేరా మార్చేటప్పుడు కరకర దబ్బు. సారు ఇంకా వినలేదు.